అప్పెందుకైందో కూడా అడగండి సార్

కేంద్ర ఆర్థిక సేవల విభాగం కార్యదర్శి గారికి,
ప్రభుత్వ రంగ బ్యాంకుల నియామక విభాగాల పెద్దలకు,

కర్నూలు నుంచి నమస్కారాలు.

నేను బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అప్పులివ్వడం, వసూలు చేయడం, వసూలు కానివాటికి నోటీసులు రాయడం నా ఉద్యోగం. ఎగ్గొట్టడానికే అప్పు చేసేవాళ్ళను చూశాను. కట్టాలని ఉండి, చేతిలో ఆడక ముఖం చాటేసేవాళ్ళను అంతకంటే ఎక్కువగా చూశాను. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదని నాకు నేర్పింది బ్యాంకే. అదే బ్యాంకు ఇప్పుడు ఉద్యోగంలో చేర్చుకునే దగ్గరికొచ్చేసరికి ఆ తేడా చూడడం మానేసింది. అందుకే ఈ లేఖ.

విషయం మీకు తెలిసిందే. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో ఒక క్లాజు ఉంటోంది. ఉద్యోగంలో చేరే నాటికి అభ్యర్థి క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు కట్టిన రికార్డు, బాగుండాలి. కనీస స్కోరు ఎంతుండాలన్నది ఆయా బ్యాంకుల పాలసీని బట్టి ఉంటుంది. ఆ రికార్డు రాసిపెట్టే క్రెడిట్ కంపెనీ సిబిల్‌లో మచ్చ ఉంటే దాన్ని సరిచేయించుకోవాలి, లేదా బాకీ ఏమీ లేదని అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. తేలేకపోతే ఆఫర్ లెటరు వెనక్కి తీసుకోవచ్చు. స్టేట్ బ్యాంకు ప్రకటనల్లో ఇంకాస్త గట్టిగా రాస్తారు: అప్పులు, క్రెడిట్ కార్డు బకాయిలు ఎగవేసిన రికార్డు ఉంటే నియామకానికి అర్హత లేదు.

చదవడానికి న్యాయంగానే ఉంది. పదిమంది డబ్బు లెక్కపెట్టే కౌంటర్లో కూర్చోబెట్టే మనిషికి తన డబ్బు లెక్క తెలిసి ఉండాలనడంలో తప్పేముంది? నాకూ అభ్యంతరం లేదు. నా పేచీ అంతా ఆ క్లాజులో లేని ఒక వాక్యం గురించి. అప్పు ఎందుకు పేరుకుపోయింది, పేరుకున్నాక నువ్వేం చేశావు అని అభ్యర్థిని అడిగే వాక్యం.

బ్యాంకు కోచింగ్ అంటే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చే ఊరు నంద్యాల. 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది గానీ మాకింకా అది మా ఊరే. ఆదోని, ఆలూరు, కోసిగి, పత్తికొండ, డోన్ నుంచి పిల్లలు వచ్చి గదులు అద్దెకు తీసుకుని, మెస్సులో తిని, రాత్రి పన్నెండు దాకా రీజనింగ్ లెక్కలు చేస్తారు. వాళ్ళలో చాలామంది అమ్మానాన్నలు ఏడాదిలో కొన్ని నెలలు ఊళ్ళో ఉండరు. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు అప్పు లేకుండా డిగ్రీ దాకా రావాలంటే ఎట్లా వస్తారు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీ హాల్ టికెట్ ఆపుతుంది. హాల్ టికెట్ కోసం ఎవరో ఒకరు అప్పు తేవాలి.

కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. మా వీధిలో వాళ్ళ బంధువులున్నారు, ఆ పరిచయం. క్లర్కు పరీక్ష పాసయ్యాడు, బ్యాంకు కేటాయించారు, సర్టిఫికెట్ల పరిశీలన కూడా అయింది. చేతిలో సిబిల్ రిపోర్టు ప్రింటవుట్. ఇంజనీరింగ్ కోసం తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ 3 లక్షల 80 వేలు. 4 లక్షల లోపు కాబట్టి హామీ ఏమీ లేదు, తండ్రి సహ రుణగ్రహీత.

ఆ రిపోర్టు మీరంతా చూసినదే. నెలకో గడి చొప్పున గళ్ళు ఉంటాయి. కంతు గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ గడిలో అంకె. సున్నాలుంటే సక్రమం. ముప్పై, అరవై, తొంభై అని పెరిగితే బాకీ ముదురుతున్నట్టు. తొంభై దాటితే మన భాషలో ఎన్‌పీఏ, మొండి బాకీ. నేను అలవాటుగా కింద స్టేటస్ చూడబోతే ఆ పిల్లవాడు గళ్ళ మీద వేలు పెట్టి చెప్పుకుపోయాడు. "ఇవి సున్నాలు సార్, బెంగళూరులో కాల్ సెంటర్లో ఉన్నప్పుడివి. ఇక్కడ ముప్పై, అరవై... అప్పుడు మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్. ఇక్కడ మళ్ళా సున్నా, మా అక్క కమ్మలు తాకట్టు పెట్టి మూడు కంతులు ఒకేసారి కట్టినాం. ఇగ ఈ చివరివన్నీ ఉల్లిగడ్డ రేటు పోయినప్పటివి."

2025లో ఉల్లి సంగతి మీదాకా వచ్చే ఉంటుంది. కర్నూలు మార్కెట్లో ధర ఎంతగా పడిపోయిందంటే రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 1,200 రూపాయలిచ్చి కొనాల్సి వచ్చింది. కోత కూలి కూడా గిట్టక పొలంలోనే దున్నేసినవాళ్ళున్నారు. ఆ తండ్రి వాళ్ళలో ఒకడు.

అంటే ఆ రిపోర్టులో ప్రతి గడికీ ఒక కారణం ఉంది, ఆ కుర్రాడికి ప్రతిదీ నోటికి వచ్చు. కారణం రాసుకోవడానికి మాత్రం మీ ఫారంలో గడి లేదు.

తర్వాత జరిగింది వినండి, నా అసలు బాధ ఇక్కడుంది. ఎన్‌ఓసీ కావాలంటే ముందు ఓవర్‌డ్యూ, అంటే గడువు దాటిన బాకీ, కట్టి, ఖాతా సరిచేయించుకోవాలి. ఓవర్‌డ్యూ 92 వేలు. చేరాల్సిన తేదీ ముంచుకొస్తోంది. "యాడ తెచ్చేది సార్ అంత దుడ్డు?" అన్నాడు. తెచ్చాడు లెండి. వాళ్ళ నాన్న ప్రామిసరీ నోటు రాసిచ్చి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు 2,760 రూపాయలు వడ్డీకే పోతుంది. ఏడాదికి లెక్కేస్తే 36 శాతం. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ అందులో మూడో వంతు కూడా ఉండదేమో.

ఇప్పుడు మీ కళ్ళకు ఆ అబ్బాయి శుభ్రంగా కనిపిస్తాడు. ఓవర్‌డ్యూ సున్నా. కానీ మునుపటి కంటే బరువైన అప్పు నెత్తిన పెట్టుకుని మీ క్యాష్ కౌంటర్లో కూర్చోబోతున్నాడు. మునుపటి అప్పు బ్యాంకుది, నోటీసు పంపుతుంది. ఈ అప్పు ఊళ్ళో మనిషిది, ఇంటికొచ్చి గుమ్మం ముందు కూర్చుంటాడు. ఎవరి ఒత్తిడికి మనిషి తప్పు చేసే అవకాశం ఎక్కువో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఒత్తిడి మీ రిపోర్టులో ఎక్కడా కనపడదు. వారం ఫైనాన్సు, ఊళ్ళో చీటీ, తెల్ల కాగితం మీద వేలిముద్ర, చేబదులు... సీమలో సగం అప్పులు ఏ క్రెడిట్ కంపెనీ కంటికీ ఆనవు. ఐదు లక్షలు బయట తెచ్చి క్రికెట్ బెట్టింగులో తగలేసినవాడికి సిబిల్ నిక్షేపంగా ఉండొచ్చు. సెల్‌ఫోన్ ఈఎంఐ రెండు నెలలు తప్పిన పిల్ల మాత్రం ఆరా తీసే అధికారి ముందు తలదించుకోవాలి.

డబ్బు విషయంలో మనిషిని నమ్మొచ్చా లేదా అన్న ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. మా దగ్గరి బంధువుల అమ్మాయి అమెరికాలో పుట్టి పెరిగింది, అక్కడి పౌరురాలు. రక్షణ శాఖకు పనిచేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పుడు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి, కోసం ఫారం నింపాల్సి వచ్చింది. ఎస్‌ఎఫ్-86 అంటారు. చిన్న పుస్తకమంత ఉంటుంది. ఎక్కడ నివసించావు, ఏ విదేశీయులతో పరిచయాలున్నాయి అన్నవాటితో పాటు 26వ విభాగమంతా డబ్బు గురించే. ఎప్పుడైనా జూదంలో నష్టపోయి ఇబ్బంది పడ్డావా, గత ఏడేళ్ళలో దివాలా పిటిషన్ వేశావా, పన్ను కట్టకుండా వదిలేశావా, ఏదైనా అప్పు 120 రోజులకు మించి కట్టకుండా ఉన్నావా? అన్నీ ఎవరికి వారే రాసివ్వాలి. ఆ అమ్మాయికి కాలేజీ చదువు అప్పు ఉంది, క్రెడిట్ కార్డు బాకీ ఒకటి కొంతకాలం కట్టలేకపోయింది. వాళ్ళింట్లో పెద్ద టెన్షన్. నాకు బ్యాంకు తెలుసు కదా అని ఫోన్ చేశారు. అక్కడి రూల్సు నాకేం తెలుస్తాయి! కానీ ఆ వంకతో చదవడం మొదలుపెట్టాను.

చదివితే తెలిసిందేమంటే, అక్కడ క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 13 మార్గదర్శకాలున్నాయి. ఇప్పుడున్న రూపంలో 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్నాయి. ఆరోది, గైడ్‌లైన్ ఎఫ్, పూర్తిగా ఆర్థిక విషయాలు. అది మెత్తనిదేం కాదు. అప్పులు తీర్చకపోవడం ఆత్మనిగ్రహం లేదనడానికి, రూల్సు పట్టించుకోడనడానికి సూచన కావచ్చని, తలకు మించిన అప్పున్నవాడు డబ్బు కోసం పెడదారి పట్టే ప్రమాదం ఎక్కువని ముఖం మీదే చెబుతుంది. డబ్బు కారణంగా క్లియరెన్స్ పోగొట్టుకునేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. ఇచ్చాక కూడా వదలరు, క్రెడిట్ రికార్డు మీద ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది.

అయితే అదే గైడ్‌లైన్ రెండో సగంలో, ఈ ఆందోళనను ఏవి తగ్గిస్తాయో కూడా రాశారు. అప్పు తన చేతిలో లేని కారణాల వల్ల అయిందా? ఉద్యోగం పోవడం, వ్యాపారం దెబ్బతినడం, ఊహించని జబ్బు, ఇంట్లో చావు, విడాకులు, వడ్డీ రాకాసుల చేతికి చిక్కడం, ఎవరో తన పేరుతో మోసం చేయడం... అన్నీ పేరుపేరునా ఉన్నాయి. అయ్యాక ఆ మనిషి బాధ్యతగా నడుచుకున్నాడా? అప్పిచ్చినవాళ్ళతో మాట్లాడి కొంచెం కొంచెమైనా కడుతున్నాడా? ఆ బాకీ తనది కాదని వాదించడానికి తగిన ఆధారం ఉందా? ఎంత స్కోరు దాటితే పాసు, ఎంత బాకీ ఉంటే ఫెయిలు అని గీత గీయలేదు. మొత్తం మనిషిని చూసి తేల్చమన్నారు.

ఇవ్వకూడదనుకుంటే కారణాలు కాగితం మీద రాసి పంపుతారు. రక్షణ కాంట్రాక్టు ఉద్యోగులైతే జవాబివ్వడానికి 20 రోజులుంటాయి, కావాలంటే జడ్జి ముందు విచారణ కోరవచ్చు. బాకీ దాచిపెట్టి దొరికితే మాత్రం బాకీ కంటే ఆ అబద్ధమే పెద్ద నేరమవుతుంది. నాకు బాగా నచ్చింది ఈ ముక్కే. అప్పున్నవాడికి నిజం చెప్పడం లాభంగా, దాచడం నష్టంగా ఉండేలా పెట్టారు. మన క్లాజు దాన్ని తిరగేసింది. మన దగ్గర తెలివైనవాడు చేసే పని, కనపడే అప్పును కనపడని అప్పుగా మార్చుకోవడం.

వాళ్ళకు ఈ అనుభవం ఊరికే రాలేదు. ఆల్డ్రిచ్ ఏమ్స్ అని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో అధికారి. విడాకుల ఖర్చులు, అప్పులు మెడకు చుట్టుకున్న సమయంలో, 1985లో, సోవియట్ రాయబార కార్యాలయానికి వెళ్ళి రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. మొదట అతనికి ముట్టజెప్పింది 50 వేల డాలర్లు. 1994 ఫిబ్రవరిలో అరెస్టయ్యేదాకా సాగింది. అప్పు మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి ఈయన కథ చెబుతారు. సరే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ కథలో రెండో భాగం చూడండి. దేశాన్ని అమ్ముకున్నాక ఆయనకు అప్పుల బాధే లేదు. 5 లక్షల 40 వేల డాలర్ల ఇల్లు నగదిచ్చి కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకు వెళ్ళాడు. ఆ రోజుల్లో మన క్లాజు పెట్టి చూసి ఉంటే ఆరోగ్యకరమైన క్రెడిట్ హిస్టరీ అని రాసి పంపేవాళ్ళం. అందుకే వాళ్ళ గైడ్‌లైన్‌లో అప్పుతో పాటు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని సంపదను కూడా ఆరా తీయమని ఉంది.

అమెరికాను పొగడడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ రహస్యాలు వాళ్ళవి. ఇంత దూరం వెళ్ళకుండానే మన దగ్గరే ఇదే మాట ఉంది, దానికి అరవై ఏళ్ళు నిండాయి.

1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో 17వ నియమం చూడండి. ప్రభుత్వోద్యోగి అప్పులే అలవాటుగా బతకకూడదు, దివాలా స్థితికి రాకూడదు. అప్పు వసూలుకు తన మీద కోర్టులో కేసు పడితే వెంటనే పూర్తి వివరాలు పై అధికారులకు చెప్పాలి. దాని కింద ఉన్న వివరణే అసలైనది: ముందు చూపుతో కూడా ఊహించలేని, తన చేతిలో లేని పరిస్థితుల వల్ల అప్పయిందని, దుబారా వల్లనో దురలవాట్ల వల్లనో కాలేదని రుజువు చేసుకునే భారం ఉద్యోగిదే. భారం ఉద్యోగి మీదే వేసినా, రుజువు చేసుకోవడానికి తలుపైతే తెరిచి పెట్టారు. మాకు కూతవేటు దూరంలో, ఓర్వకల్లు వైపు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి ఓపెన్ ఎయిర్ రేంజి, ఆయుధాల్ని పరీక్షించే చోటు, ఉంది. 2025 ఏప్రిల్‌లో డ్రోన్లను కూల్చే లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది అక్కడే. అంతటి చోట పనిచేసే కేంద్ర ఉద్యోగికి అప్పయితే ఎందుకైంది నాయనా అని అడిగే నియమం ఉంది. డీడీ ఫారాలు, పాసుబుక్కు ఎంట్రీలు చూసుకునే క్లర్కు కాబోయేవాణ్ణి అడగడానికి మనకేం అడ్డం?

అడ్డం చట్టమేనని మీలో కొందరంటారు. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం దివాలాదారుగా తేలినవాణ్ణి, చెల్లింపులు నిలిపేసినవాణ్ణి, అప్పులవాళ్ళతో తగ్గించుకుని రాజీపడినవాణ్ణి బ్యాంకు ఉద్యోగంలో పెట్టుకోకూడదు. నిజమే. అందుకే నాకు ఒక విడ్డూరం కనిపిస్తుంది. బాకీ కొంత తగ్గించుకుని ఒకేసారి కట్టే వన్ టైమ్ సెటిల్‌మెంట్ చేసుకోమని లోక్ అదాలత్‌కు పిలిచి, టీ ఇచ్చి, సంతకం పెట్టించుకునేది మనమే. ఆ మర్నాడు రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే అది అనర్హత అనేదీ మనమే. సెటిల్‌మెంట్‌కు సంతకం పెట్టే పిల్లవాడికి, ఇది రేపు నీ బ్యాంకు ఉద్యోగానికి అడ్డం రావచ్చని ఒక్క ముక్క ముందే చెప్పే బాధ్యత ఎవరిది? అయినా ఆ సెక్షన్ దివాలా గురించి మాట్లాడుతోంది. మూడు కంతులు ఆలస్యమైనవాడు దివాలాదారు కాడు.

కోర్టు తీర్పూ ఉంది. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు, సిబిల్ బాగా లేదని ఒక అభ్యర్థి నియామకాన్ని స్టేట్ బ్యాంకు రద్దు చేయడం సరైనదేనంది. నోటిఫికేషన్ నాటికే అప్పులు తీర్చేశానని అతను వాదించాడు. తీర్చినంత మాత్రాన సరిపోదు, తీర్చే క్రమంలో ఎగవేత రికార్డు ఉండకూడదన్నది బ్యాంకు పెట్టిన షరతు, ప్రజల డబ్బుతో పనిచేసేచోట ఆర్థిక క్రమశిక్షణ కోరడం సబబే అని కోర్టు చెప్పింది. ఆ తీర్పుతో నేను తగువు పెట్టుకోను. మీరు పెట్టిన షరతు మీరు అమలు చేయొచ్చని కోర్టు చెప్పింది. షరతును ఇంతకంటే మేలుగా రాయకూడదని చెప్పలేదు. ఆ పని మీ చేతుల్లోనే ఉంది కాబట్టే హైకోర్టుకు పోకుండా మీకు రాస్తున్నాను.

కారణం అడిగితే ప్రతివాడూ ఏదో ఒక కథ చెబుతాడు, నిజమేదో కనిపెట్టడం మా వల్ల కాదు అంటారేమో. సార్, బ్యాంకుకు ఆ పని చేతకాదంటే నేను నమ్మను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడ్డాయి. వన్ టౌన్, పాతబస్తీ నీళ్ళలో ఉండిపోయాయి. నీళ్ళు తీశాక మేం ఫైళ్ళు పట్టుకుని షాపు షాపూ తిరిగాం. ఒక బట్టల కొట్టులో బురద పట్టిన చీరలు దండేల మీద వరసగా ఆరేసి ఉన్నాయి. ఎర్రవీ, పసుపువీ అన్నీ ఒకే మట్టి రంగు. యజమాని స్టాకు రిజిస్టరు పేజీలు ఒక్కొక్కటీ విడదీసి గచ్చు మీద పరిచి రాళ్ళు పెట్టాడు, బ్యాంకువాళ్ళు అడుగుతారని. ఆ తడి పేజీల్లోంచే లెక్క తీసుకున్నాం. సరుకు ఎంత ఉండేది, ఎంత పోయింది, వరదకు ముందు కంతులు సరిగ్గా కట్టాడా, ఇకమీద నడుపుతాడా? కట్టనివాడు వరద సాకు చెబితే పాత ఖాతా చూడగానే దొరికిపోయాడు. కట్టేవాడి అప్పు రీషెడ్యూల్ చేశాం. ప్రకృతి వైపరీత్యాలప్పుడు అలా చేయమని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఉన్నాయి కూడా. అమెరికావాళ్ళ గైడ్‌లైన్ ఎఫ్ చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ షాపుల్లో మేం అడిగిన ప్రశ్నలే. అప్పు తీసుకున్న వ్యాపారిని అడగగలిగిన బ్యాంకు, ఉద్యోగానికి వచ్చిన వాళ్ళ పిల్లాణ్ణి ఎందుకు అడగలేదు?

కాబట్టి నేను కోరేది ఇది. మచ్చ కనిపించిన అభ్యర్థికి, ఏ సంస్థ రిపోర్టులో, ఏ ఖాతాలో, ఏ నెలల్లో తేడా ఉందో రాతపూర్వకంగా చెప్పండి. జవాబివ్వడానికి కనీసం 30 రోజులివ్వండి. ఆ అంకె నేను ఊరికే అనలేదు. రిపోర్టులో తప్పుంటే సరిచేయడానికి అప్పిచ్చిన సంస్థకూ క్రెడిట్ కంపెనీకీ కలిపి రిజర్వు బ్యాంకు ఇచ్చిన గడువు 30 రోజులు. దాటితే రోజుకు 100 రూపాయలు ఫిర్యాదుదారుకు పరిహారం కట్టాలని కూడా 2024 నుంచి నియమం ఉంది. వాళ్ళకు ముప్పై రోజులిచ్చి, పిల్లవాడికి వారం రోజులిస్తే ఎట్లా? పాన్ నంబరు ఎవరో వాడుకుని లోన్ యాప్‌లో అప్పు తీసిన కేసులు మా దగ్గరే కనిపిస్తున్నాయి. అలాంటి పిల్లలు పోలీసు ఫిర్యాదు కాపీ పట్టుకుని తిరుగుతుంటే చేరే తేదీ దాటిపోతోంది.

చదువు అప్పును వేరుగా చూడండి. ఉద్యోగం వస్తే కడతానని తీసుకున్న అప్పది. ఉద్యోగం రాక కట్టలేదు, కట్టలేదని ఉద్యోగం రాదు అంటే ఆ అప్పు ఎప్పటికి తీరేట్టు? క్లర్కు బేసిక్కే 24,050తో మొదలవుతోంది. మొదటి జీతం నుంచి కంతు కోసుకోమని రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఎన్‌ఓసీ బదులు దాన్ని తీసుకోండి. ప్రొబేషన్‌లో ఎలాగూ ఉంటాడు, కంతులు తప్పితే అప్పుడు తీసేయండి. తండ్రి పంట రుణానికో, అన్న ట్రాక్టరుకో హామీ సంతకం పెట్టినందుకు రిపోర్టులోకి ఎక్కిన బాకీని అభ్యర్థి సొంత బాకీతో కలపకండి. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కాగితం ముందు పెడితే సంతకం పెట్టనని చెప్పగలిగే కొడుకులు మా సీమలో ఇంకా పుట్టలేదు.

అప్పులన్నీ ఎవరికి వారు రాసిచ్చే ఒక డిక్లరేషన్ కూడా పెట్టండి. బయట వడ్డీకి తెచ్చినవీ, చీటీ పాటలు ఎత్తుకున్నవీ అన్నీ. రాసినందుకు శిక్ష లేదని, దాచితే మాత్రం ఉద్యోగం పోతుందని స్పష్టంగా చెప్పండి. ఇది నా తోటి రిటైరీలకు చెబితే కొందరు నవ్వారు, ఎవడు నిజం రాస్తాడయ్యా అని. అందరూ రాయరు. రాసినవాడు ఎవరో అప్పుడు మీకు తెలుస్తుంది, అదీ ఒక పరీక్షే.

చివరిగా ఇంకొకటి, దీనికి పాలసీ మార్చనక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు. క్లర్కు పరీక్ష ఇప్పుడు తెలుగులో రాయనిస్తున్నారు, సంతోషం. ఈ క్లాజు మాత్రం ఇంగ్లీషు పీడీఎఫ్ లోపలి పేజీల్లో ఉండిపోయింది. కోసిగి నుంచి వచ్చిన పిల్ల రెండేళ్ళు చదివి, పాసై, ఆఫర్ లెటరు వచ్చాక దీని సంగతి తెలుసుకుంటోంది. వచ్చే నోటిఫికేషన్‌లో వయసు, విద్యార్హతల పక్కనే దీన్ని తెలుగులో వేయించండి. ఏడాదికొకసారి ప్రతి క్రెడిట్ కంపెనీ నుంచీ పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చని కింద ఒక లైను కలపండి. దరఖాస్తు చేసే రోజే చూసుకుంటారు, సరిచేసుకోవడానికి చేతిలో నెలలుంటాయి. ఆ ముక్క ఇప్పుడే నంద్యాల కోచింగ్ సెంటర్ల గోడల మీద అంటించమని నేను అడుగుతున్నాను. మీ పేరు మీద ఒక సర్క్యులర్ వస్తే ఆ పని నాకంటే బాగా జరుగుతుంది.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డ్ బ్యాంకు అధికారి,
కర్నూలు